పగటి వేధశాల: సూర్యుణ్ణి చూపించే చిన్న పరికరాల్లో ఏది ఎవరికి తగినది

పాఠశాలలోనో, విజ్ఞాన కేంద్రంలోనో, ఔత్సాహికుల సంఘం తరఫునో సూర్యుణ్ణి చూపించే చిన్న వేధశాల పెట్టాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎంత పెద్ద టెలిస్కోపు కొనాలి? రాత్రి ఆకాశానికి అది సరైన ప్రశ్నే. మసక గెలాక్సీల నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగును పోగుచేయాలంటే కటకం పెద్దదై ఉండాలి. సూర్యుడి దగ్గర వెలుగుకు కరువు లేదు. వచ్చిన వెలుగులో లక్షో వంతు మాత్రమే ఉంచుకొని మిగిలినదంతా వదిలించుకోవడమే అక్కడ అసలు పని.

సూక్ష్మ వివరాల కోసమైనా పెద్ద కటకం కావాలి కదా అంటే, దానికి గాలి అడ్డుపడుతుంది. ఎండకు నేల వేడెక్కి, ఆ వేడిగాలి పైకి లేస్తూ ఉంటే టెలిస్కోపులో బింబం వణుకుతుంది. పగటిపూట ఒకటి రెండు ఆర్క్‌సెకన్లకన్నా (ఆర్క్‌సెకను అంటే ఒక డిగ్రీ కోణంలో 3600వ వంతు) చిన్న వివరం నిలకడగా కనిపించడం చాలాచోట్ల అరుదు. సూర్యుడి మీద ఒక ఆర్క్‌సెకను అంటే సుమారు 725 కిలోమీటర్లు. 100 మిల్లీమీటర్ల కటకం 1.2 ఆర్క్‌సెకన్ల వరకు విడదీయగలదు. కాబట్టి గాలి అనుమతించినంత మేరా చూడటానికి 60 నుంచి 100 మిల్లీమీటర్ల కటకం చాలు.

అందుకే ఎంపికను మరోచోట మొదలుపెట్టాలి. ఒక్కసారికి ఎంతమంది వస్తారు? పరికరాన్ని రోజూ ఎవరు తెరుస్తారు? వచ్చినవారు చూసి వెళ్లిపోతారా, కొలిచి రాసుకుంటారా? ఈ మూడింటికీ జవాబు దొరికాక ఏ పరికరం కావాలో చాలావరకు తేలిపోతుంది. నా దృష్టిలో రెండో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. సూర్యుడి గురించి తెలుసుకోవలసినదంతా నిన్నటి ముఖానికీ ఇవాళటి ముఖానికీ మధ్య తేడాలో ఉంది. ఏడాదికి రెండుసార్లు తాళం తీసే గొప్ప టెలిస్కోపు ఆ తేడాను చూపించలేదు. ఎండ కాసిన ప్రతి రోజూ బయటికి వచ్చే చిన్న పరికరం చూపించగలదు.

ముందుగా కళ్ల భద్రత

పరికరాలను పోల్చే ముందు ఒక గీత గీసుకోవాలి. కంటి రెటీనాకు నొప్పి తెలియదు. సాంద్రమైన సూర్యకాంతి దాన్ని కాల్చేస్తున్నా చూస్తున్నవారికి ఆ క్షణంలో ఏమీ అనిపించదు. చూపు మసకబారడం కొన్ని గంటల తర్వాతే తెలుస్తుంది. పిల్లలు గుమిగూడే చోట ఈ ఒక్క విషయమే కొన్ని పద్ధతులను పక్కన పెట్టేలా చేస్తుంది.

ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) చివర బిగించే నల్లటి గాజు ఫిల్టర్లు పాత టెలిస్కోపులతో పాటు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. కటకం పోగుచేసిన వేడంతా వాటి మీద పడి అవి చూస్తుండగానే పగలవచ్చు. వాటిని వాడకపోవడమే కాదు, మరొకరి చేతికి దొరకకుండా పారేయాలి. ఫిల్టరు ఎప్పుడూ టెలిస్కోపు ముందుభాగంలో, వెలుగు లోపలికి రాకముందే దాన్ని అడ్డుకునేలా ఉండాలి. గాలి వీచినా, పిల్లవాడి చెయ్యి తగిలినా ఊడిపోని విధంగా మరలతోనో టేపుతోనో బిగించాలి. పక్కనుండే చిన్న ఫైండర్ టెలిస్కోపును తీసేయాలి, లేదా దానికి మూత వేసి ఉంచాలి. గ్రహణ కళ్లద్దాలు పెట్టుకొని టెలిస్కోపులోకో బైనాక్యులర్లలోకో చూడటం కూడా అంతే ప్రమాదం. ఆ కళ్లద్దాలు కేవలం కంటితో చూడటానికి చేసినవి, పోగుపడిన వెలుగును అవి ఆపలేవు.

ఏ పరికరం ఎంచుకున్నా, సూర్యుడి వైపు తిప్పి ఉన్నంతసేపు దాని పక్కన బాధ్యతగల పెద్దవారు ఒకరు నిలబడి ఉండాలి. అలాంటి మనిషిని సమకూర్చుకోలేని సంస్థకు కింద చెప్పినవాటిలో రెండే మార్గాలు మిగులుతాయి: సూదిరంధ్రం ద్వారా బింబాన్ని తెర మీద వేయడం, లేదా రేడియో.

తెర మీద బింబం

అన్నిటికన్నా పాత పద్ధతి ఇదే. గెలీలియో శిష్యుడు కాస్టెల్లి సూచించిన ఈ దారిలోనే 1612లో గెలీలియో సూర్యుడి మచ్చలను రోజు తర్వాత రోజుగా గీశాడు. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్ ఖగోళ పరిశీలకుడు రిచర్డ్ కారింగ్టన్ ఇలాగే తెర మీద మచ్చలు గీస్తూ ఉండగా ఒక మచ్చల గుంపు మీద రెండు తెల్లని వెలుగులు భగ్గుమని, కొన్ని నిమిషాల్లో చల్లారిపోయాయి. మనిషి చూసి నమోదు చేసిన మొదటి సౌర ఫ్లేర్ (సూర్యుడి మీద హఠాత్తుగా జరిగే పేలుడు) అది. దానికి ప్రత్యేకమైన ఫిల్టర్లేవీ అవసరం కాలేదు, రోజూ గీసే అలవాటే సరిపోయింది.

సూదిరంధ్రంతో మొదలుపెడితే ఖర్చు దాదాపు శూన్యం. రంధ్రం నుంచి తెరకు ఉన్న దూరాన్ని 108తో భాగిస్తే బింబం వ్యాసం వస్తుంది: 10 మీటర్ల దూరంలో 9 సెంటీమీటర్లకు కొంచెం పైన. చిన్న అద్దం మీద కొన్ని మిల్లీమీటర్ల రంధ్రమున్న కాగితం అంటించి, ఎండను చీకటి గదిలోకి మళ్లిస్తే గది చివర గోడ మీద పెద్ద సూర్యుడు నిలుస్తాడు. ఈ పద్ధతిలో గ్రహణం చక్కగా కనిపిస్తుంది. మచ్చల్లో మాత్రం బాగా పెద్దవే తెలుస్తాయి, అవీ మసకగా. బింబం పరిమాణాన్ని కొలిచి సూర్యుడి వ్యాసం లెక్కగట్టే పాఠానికి ఇంతకు మించిన సాధనం అక్కర్లేదు.

టెలిస్కోపుతో తెర మీద వేస్తే మచ్చలు స్పష్టమవుతాయి. దీనికి 50, 60 మిల్లీమీటర్ల వక్రీభవన (అద్దాలు కాక కటకాలతో పనిచేసే) టెలిస్కోపు, కటకాలను జిగురుతో అతికించని పాతకాలపు సాదా ఐపీస్ సరైనవి. జిగురుతో అతికించిన ఐపీస్ వేడికి పాడవుతుంది. దర్పణాలున్న టెలిస్కోపులను, లోపల ప్లాస్టిక్ భాగాలున్నవాటిని ఈ పనికి వాడకూడదు. ఈ అమరికలో అసలు ఇబ్బంది ఏమిటంటే ఐపీస్‌కూ తెరకూ మధ్య తెరిచి ఉన్న చోటు. అక్కడ ఒక పిల్లవాడు తల పెడితే చాలు. అందుకే పాఠశాలలకు నేను మొగ్గు చూపేది మూసిన పెట్టె లేదా మడిచిన కాంతిమార్గం ఉన్న పరికరాల వైపు. సన్‌స్పాటర్ అనే చెక్క పరికరం ఈ కోవలోది. కటకం, అద్దాలు ఒక త్రికోణపు చట్రంలో ఇమిడి, సుమారు 8 సెంటీమీటర్ల బింబం కాగితం మీద పడుతుంది. చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఒకేసారి చూడవచ్చు, వేలు పెట్టి చూపించవచ్చు, పెన్సిల్‌తో గీసుకోవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా మెడ వంచకుండా చూడగలరు.

8 సెంటీమీటర్ల బింబంలో భూమి ఎంత ఉంటుందో పిల్లలతో లెక్క కట్టించండి. సూర్యుడి వ్యాసం భూమికి 109 రెట్లు, కాబట్టి ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ కొలతతో ఒక చుక్క పెట్టి పక్కనే ఉన్న మచ్చతో పోల్చినప్పుడు పిల్లల్లో వచ్చే ప్రశ్నలు ఏ ఉపన్యాసమూ రాబట్టలేదు.

రోజూ గీయడం దీనితోనే సులభం. ఒకే కొలత గల వృత్తాలను ముందే ముద్రించుకొని, మచ్చలను గుర్తించి, తేదీ, సమయం రాయాలి. తూర్పు పడమరలు తెలియాలంటే పరికరాన్ని కదపకుండా ఉంచి ఒక మచ్చ ఏ దిశగా జారుతుందో గీత గీస్తే చాలు. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 27 రోజులు. ఒక మచ్చ ఒక అంచు నుంచి రెండో అంచు చేరడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కనుక, రెండు వారాల బొమ్మలు వరుసగా గోడకు తగిలిస్తే సూర్యుడి భ్రమణం అందరికీ కనిపిస్తుంది.

తెల్లని వెలుగులో: పొర, గాజు, వెడ్జ్

సూర్యుడి కాంతిమండలాన్ని, అంటే మనకు కనిపించే ఉపరితలాన్ని, అంతకన్నా దగ్గరగా, ఐపీస్ గుండా చూడాలంటే సాధారణ టెలిస్కోపుకు ముందు ఫిల్టరు కావాలి. కళ్లతో చూడటానికి చేసిన ఫిల్టరు సాంద్రత 5, అంటే లక్షో వంతు వెలుగునే లోపలికి పంపుతుంది. 3.8 సాంద్రత గల పొరలు కూడా దొరుకుతాయి. అవి కెమెరాల కోసం మాత్రమే, వాటి గుండా కంటితో చూడకూడదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక సంస్థలో రెండు రకాలూ ఉంచుకోవద్దని నా గట్టి సలహా.

పలుచని పొర స్పష్టమైన, తెల్లని బింబాన్ని ఇస్తుంది, ధర తక్కువ. గాజు ఫిల్టరు ఎక్కువ కాలం మన్నుతుంది కానీ చాలావాటిలో బింబం కొంత మెత్తబడుతుంది. పొరను వాడే ప్రతిసారీ సూర్యుడికి ఎదురుగా పట్టుకొని చిల్లులున్నాయేమో చూడాలి, కొన్నేళ్లకొకసారి మార్చాలి. ఇంత చేసినా పాఠశాలకు పొరే నయం, దాన్ని గట్టి చట్రంలో అమర్చుకుంటే.

హెర్షెల్ వెడ్జ్ అనే పట్టకం మరో దారి. టెలిస్కోపు వెనుక భాగంలో అమర్చే ఈ పట్టకం ఉపరితలం మీద వెలుగులో 5 శాతం లోపే ప్రతిఫలించి ఐపీస్ వైపు వస్తుంది, మిగిలినదంతా వేడిగా వెనక్కి పోతుంది. ఆ వచ్చిన కొద్దిపాటి వెలుగును కూడా మరో ఫిల్టరుతో తగ్గించాలి. గాలి నిలకడగా ఉన్న ఉదయం దీనితో మచ్చల నడిమి చీకటి భాగం, చుట్టూ నారల్లాంటి అంచు, ఉపరితలమంతా పరుచుకున్న వెయ్యి కిలోమీటర్ల పైబడిన గింజలు ఎంతో పదునుగా కనిపిస్తాయి. అయితే ఇది వక్రీభవన టెలిస్కోపులకు మాత్రమే పనికొస్తుంది, నిపుణుడి చేతిలోనే ఉండాలి. ఎందుకంటే ఇక్కడ ముందు ఫిల్టరు ఉండదు, సూర్యుడి వేడంతా గొట్టంలోకి వస్తుంది. సంఘానికి మంచి ఎంపిక. ఉపాధ్యాయులు ఏటా మారే చోట కాదు.

తెల్లని వెలుగు పరికరానికి మరెక్కడా లేని ఒక లాభం ఉంది: లెక్కించడం. 1848లో స్విస్ ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ మచ్చల సంఖ్యకు ఒక సూత్రం పెట్టాడు. మచ్చల గుంపులను పదితో గుణించి, విడి మచ్చల సంఖ్యను దానికి కలిపి, పరికరాన్నీ పరిశీలకుణ్ణీ బట్టి మారే ఒక గుణకంతో హెచ్చించాలి. ఆయన వాడిన ప్రధాన టెలిస్కోపు 80 మిల్లీమీటర్లదే. ఈనాటి అంతర్జాతీయ మచ్చల సంఖ్యను బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ ప్రపంచమంతటా ఉన్న పరిశీలకుల లెక్కల నుంచి తయారుచేస్తుంది, వారిలో చాలామంది ఔత్సాహికులు. అంటే ఒక చిన్న టెలిస్కోపు దగ్గర కూర్చున్న విద్యార్థి చేసే పని, రెండు శతాబ్దాలకు దగ్గరపడుతున్న ఒక కొలతల వరుసతో నేరుగా సరిపోల్చదగిన పని. ఒకే తరగతిలో పదిమంది లెక్కిస్తే పది సంఖ్యలు వస్తాయి. ఎందుకొచ్చాయో చర్చిస్తే, ఆ సూత్రంలో గుణకం ఎందుకుందో వారే చెబుతారు.

హెచ్-ఆల్ఫా: జనం ఆగి చూసేది

బహిరంగ ప్రదర్శనలకు వచ్చేవారిని కదలకుండా నిలబెట్టేది హెచ్-ఆల్ఫా టెలిస్కోపే. హైడ్రోజన్ వెలువరించే 656.28 నానోమీటర్ల ఎరుపు గీతను మాత్రమే ఇది వదులుతుంది. అందులో కాంతిమండలం పైన ఉండే వర్ణమండలం కనిపిస్తుంది: అంచున జ్వాలల్లా లేచి వంగే ప్రామినెన్స్‌లు, బింబం మీద నల్లని తీగల్లా పరుచుకున్న ఫిలమెంట్లు, అదృష్టం బాగుంటే కళ్లముందే మెరిసే ఫ్లేర్.

ఒకప్పుడు ప్రామినెన్స్‌లు సంపూర్ణ గ్రహణంలోనే కనిపించేవి. 1868 ఆగస్టు 18న గుంటూరులో గ్రహణాన్ని చూసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్, ప్రామినెన్స్‌ల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలను గమనించి, ఇంత వెలుగున్న గీతలు గ్రహణం లేకపోయినా కనిపించాలి అనుకున్నాడు. మరుసటి రోజే మామూలు ఎండలో చూసి చూపించాడు. కొన్ని వారాల తర్వాత ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాక్యర్ తనంతట తానుగా అదే పని చేశాడు. ఒక్క రంగును వేరుచేస్తే గ్రహణంతో పని లేదన్న ఆ ఆలోచననే ఇప్పుడు చేతిలో పట్టే టెలిస్కోపులో అమర్చారు.

ఇందులో గుండెకాయ ఎటలాన్ అనే భాగం: అతి దగ్గరగా, అతి సమాంతరంగా ఉంచిన రెండు పలకలు. ఒక ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదో వంతు) వెడల్పు రంగును మాత్రమే వదిలే ఎటలాన్‌తో ప్రామినెన్స్‌లు బాగా కనిపిస్తాయి. 0.7 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర బింబం మీది వివరాలు విచ్చుకుంటాయి. రెండు ఎటలాన్లు కలిపి 0.5కు తెస్తే వివరం ఇంకా పెరుగుతుంది, బింబం చీకటవుతుంది, ధర భారీగా పెరుగుతుంది. కొత్తవారికి చూపించడానికి రెండో ఎటలాన్ అవసరం లేదన్నది నా అభిప్రాయం. అలవాటు లేని కంటికి అంచున లేచిన జ్వాల ముందు కనిపిస్తుంది, ఫిలమెంట్ తర్వాత. చీకటి బింబంలో రెండూ కష్టమే.

దొరికేవి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, 40 నుంచి 60 మిల్లీమీటర్ల కటకంతో, ఎటలాన్, ఫిల్టర్లు అన్నీ లోపలే అమర్చి వచ్చే ప్రత్యేక సౌర టెలిస్కోపు. దీన్ని రాత్రికి వాడలేరు. కానీ విప్పడానికి, పొరపాటుగా అమర్చడానికి వీలు తక్కువ. అందుకే నలుగురి చేతుల్లో తిరిగే చోట ఇదే సరైనది. రెండోది, సాధారణ వక్రీభవన టెలిస్కోపు వెనుక పెట్టే విద్యుత్ పరికరం. ఇది ఎటలాన్‌ను వేడిచేసి సరైన గీత మీదికి తెస్తుంది. సిద్ధమవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, బ్యాటరీ కావాలి, బింబాన్ని నాలుగు రెట్లకు పైగా పెంచుతుంది కాబట్టి పొడవైన టెలిస్కోపుతో సూర్యుడంతా ఒకేసారి కనిపించడు. దగ్గరి దృశ్యాలు ఫొటో తీయాలనుకునే సంఘానికి ఇది నచ్చుతుంది. పెద్ద గుంపులకు చూపించాలనుకునేవారు మొదటిదే తీసుకోవాలి. ఏదైనా సరే, వేర్వేరు తయారీదారుల భాగాలను ఊహతో కలిపి అమర్చడం ప్రాణాంతకం కాకపోయినా చూపుకు ముప్పు.

తేమ ఎక్కువున్న చోట్ల ఈ టెలిస్కోపుల్లోని కొన్ని ఫిల్టర్ల పూత ఏళ్లు గడిచేకొద్దీ మచ్చలు పడి మసకబారుతుంది. పాతది కొనేటప్పుడు కటకం ముందు నుంచి టార్చిలైటు వేసి చూడటం తప్పనిసరి. నిల్వ ఉంచే పెట్టెలో తేమను పీల్చే సంచులు పెట్టాలి.

కాల్షియం-కె అనే 393.4 నానోమీటర్ల ఊదా రంగు టెలిస్కోపులు కూడా ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం ఆ రంగును అడ్డుకుంటుంది. పిల్లలు చూసేది ఉపాధ్యాయుడికి కనిపించదు. కెమెరా ఉంటేనే దాని గురించి ఆలోచించాలి.

ఐపీస్ ముందు వరుస, తెర ముందు గుంపు

నలభైమంది విద్యార్థులు, ఒక ఐపీస్, మనిషికి ఒక నిమిషం. పీరియడ్ అంతా అయిపోతుంది. హెచ్-ఆల్ఫాలో ప్రామినెన్స్‌ను పట్టుకోవడానికి కొత్తవారికి ఆ నిమిషం నిజంగానే కావాలి. తల మీద నల్లగుడ్డ కప్పితే చుట్టుపక్కల వెలుగు పోయి త్వరగా కనిపిస్తుంది. ఇంకో చిక్కు: భూభ్రమణం వల్ల సూర్యుడు తన వ్యాసమంత దూరం జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది. సూర్యుణ్ణి అనుసరించే మౌంటు (టెలిస్కోపును మోసే పీఠం) లేకపోతే ప్రతి ఇద్దరికీ ఒకసారి సరిచేస్తూ ఉండాలి. డబ్బు పరిమితమైతే, కటకం ఒక మెట్టు తగ్గించుకొని అయినా మోటారు మౌంటు తీసుకోమంటాను.

కెమెరా పెట్టి తెర మీద చూపిస్తే అందరికీ ఒకేసారి కనిపిస్తుంది, వివరించడం సులభం. ఇక్కడ ఎంపికలో జరిగే ప్రధానమైన తప్పు సెన్సర్ పరిమాణంలో. టెలిస్కోపు నాభ్యంతరాన్ని (కటకం నుంచి బింబం ఏర్పడే చోటికి ఉన్న దూరాన్ని) 108తో భాగిస్తే లోపల పడే సూర్యబింబం వ్యాసం వస్తుంది. 400 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి అది 3.7 మిల్లీమీటర్లు. సెన్సర్ చిన్న వైపు దానికన్నా కొంచెం పెద్దదై, 5 మిల్లీమీటర్ల దాకా ఉంటే సూర్యుడంతా పడతాడు. నలుపు తెలుపు కెమెరానే తీసుకోవాలి, ఎందుకంటే ఒకే ఎరుపు గీత వెలుగులో రంగుల కెమెరా తన బిందువుల్లో నాలుగో వంతే వాడుకోగలదు. చిత్రంలో అడ్డచారలు వస్తే కెమెరాను కొద్దిగా వాల్చే చిన్న అమరికతో పోతాయి.

తెర ఉన్నాక ఐపీస్ ఎందుకు అనే వాదన వింటుంటాను, దానితో నేను ఏకీభవించను. తెర మీద బొమ్మ ఎక్కడి నుంచైనా రావచ్చని ఈనాటి పిల్లలకు బాగా తెలుసు. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల క్రితం సూర్యుణ్ణి వదిలిన వెలుగు తన కంట్లో పడిందన్న ఎరుక ఐపీస్ దగ్గరే కలుగుతుంది. వీలైతే రెండు చిన్న పరికరాలు ఉంచండి: ఒకదానికి ఐపీస్, మరొకదానికి కెమెరా. ఒక పెద్ద పరికరంకన్నా ఈ జంట ఎక్కువమందికి అందుతుంది.

వర్ణపటం, సీలోస్టాట్

1814లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ సూర్యుడి వర్ణపటంలో అయిదువందలకు పైగా నల్లని గీతలను గుర్తించాడు. సూర్యుడు దేనితో తయారయ్యాడో తెలిసింది ఆ గీతల వల్లే. మచ్చలను మాత్రమే చూపించే వేధశాల ఈ పాఠాన్ని వదిలేస్తోంది. ఒక సన్నని చీలిక, ఒక గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే, సన్నని గీతలు చెక్కిన పలక), ఒక చీకటి పెట్టె ఉంటే ప్రధాన గీతలు కనిపిస్తాయి.

ఉన్నత తరగతులకు, కళాశాలలకు ఇటీవలి కాలంలో వచ్చిన గొప్ప మేలు సోల్‌ఎక్స్. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియన్ బ్యూయిల్ రూపొందించిన ఈ పరికరపు భాగాలను 3డీ ప్రింటర్ మీద ముద్రించుకోవచ్చు. చిన్న టెలిస్కోపు వెనుక అమర్చి, సూర్యుడు చీలిక మీదుగా జరిగిపోతుంటే కెమెరా వరుసగా వర్ణపటాలు తీస్తుంది. వాటిలో కోరుకున్న గీతను ఏరి కంప్యూటర్ సూర్యుడి పూర్తి చిత్రాన్ని కూర్చుతుంది. అదే దృశ్యం నుంచి హెచ్-ఆల్ఫా చిత్రాన్నీ, వాయువులు మనవైపు వస్తున్నాయో దూరమవుతున్నాయో చెప్పే డాప్లర్ చిత్రాన్నీ తీయవచ్చు. ఎటలాన్ కన్నా ఖర్చు చాలా తక్కువ. కానీ ఐపీస్ లేదు, వచ్చిన వెంటనే చూపించడానికేమీ ఉండదు. ఓపికగా కూర్చునే ఒక చిన్న విద్యార్థి బృందం ఉంటేనే ఇది నడుస్తుంది. అలాంటి బృందం ఉంటే మాత్రం హెచ్-ఆల్ఫా టెలిస్కోపు కన్నా ముందు దీన్నే ఎంచుకోమంటాను, ఎందుకంటే కొన్నదానికన్నా తాము కట్టినదాన్ని వారు లోతుగా అర్థం చేసుకుంటారు.

సీలోస్టాట్ ఒక భవనంతో ముడిపడిన నిర్ణయం. 1895లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లిప్‌మన్ వివరించిన ఈ అమరికలో తిరిగే అద్దం ఒకటి, దాని నుంచి వెలుగు అందుకునే మరో అద్దం కలిసి ఎండను ఒక చీకటి గదిలోకి నిలకడగా, బింబం తిరగకుండా పంపుతాయి. 12 మీటర్ల నాభ్యంతరం గల కటకంతో 11 సెంటీమీటర్ల సూర్యుడు బల్ల మీద నిలుస్తాడు, పక్క గోడ మీద వర్ణపటం పరుచుకుంటుంది. ముప్పైమంది చుట్టూ నిలబడవచ్చు, వృద్ధులకూ చక్రాల కుర్చీల వారికీ ఏ అడ్డంకీ లేదు. అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద ఖగోళ శాస్త్రవేత్త హేల్ తన సౌర గోపురంతో 1908లో మచ్చల్లో అయస్కాంత క్షేత్రాన్ని కనుగొన్నది ఇలాంటి ఏర్పాటుతోనే. విజ్ఞాన కేంద్రానికి కొత్త భవనం కడుతుంటే దీన్ని తప్పక పరిశీలించాలి. కట్టిన భవనంలో ఇమిడ్చే ప్రయత్నం మాత్రం తరచు అద్దాల సర్దుబాటులోనే కాలం మింగేస్తుంది. దుమ్ముకు అద్దాల పూత చెడుతుంది, మళ్లీ వేయించే ఖర్చు ముందే లెక్కలోకి తీసుకోవాలి.

మబ్బు పట్టిన రోజుకు

దీర్ఘతరంగ రేడియో గ్రాహకంతో దూరపు ప్రసార కేంద్రం సంకేతాన్ని పగలంతా నమోదు చేస్తూ ఉంటే, ఫ్లేర్ వచ్చినప్పుడు దాని ఎక్స్-కిరణాలు అయనోస్ఫియర్ (వాతావరణపు పైభాగంలో విద్యుదావేశం గల ప్రాంతం) కింది పొరను మార్చి సంకేత బలాన్ని హఠాత్తుగా కదిలిస్తాయి. స్టాన్‌ఫర్డ్ సౌర కేంద్రం ఇలాంటి పరికరాలను పాఠశాలలకు అందించింది. మబ్బులతో పని లేదు, కళ్లకు ప్రమాదం లేదు. కనిపించేది ఒక గ్రాఫు మాత్రమే కాబట్టి దారిన పోయేవారిని ఆకర్షించదు. నెలల తరబడి మబ్బులుండే ప్రాంతంలో ఇది రెండో పరికరంగా ఎంతో విలువైనది.

అంతర్జాలంలో సూర్యుడి తాజా చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. 2010లో ప్రయోగించిన, సూర్యుణ్ణి గమనించే ఎస్‌డీఓ ఉపగ్రహం వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో 4096 బిందువుల వెడల్పు గల చిత్రాలను కొద్ది సెకన్ల వ్యవధిలోనే తీస్తుంది. భూమి చుట్టూ ఆరు చోట్ల ఉన్న గాంగ్ అనే సౌర పరిశీలన వ్యవస్థ కేంద్రాల నుంచి హెచ్-ఆల్ఫా చిత్రాలు వస్తాయి. ఇవి ఉండగా వేధశాల ఎందుకంటే, ముందు తాము గీసి, తర్వాత వాటితో పోల్చుకోవడానికి. వరుస మారితే పిల్లలు కాగితం మీద ఉపగ్రహ చిత్రాన్నే నకలు చేస్తారు.

గోపురమా, జరిగే కప్పా, బండా

గోపురం చూడటానికి వేధశాలలా ఉంటుంది, దాతలకు నచ్చుతుంది. సూర్యుడి పనికి మాత్రం అది అనుకూలం కాదు: ఎండకు వేడెక్కిన గోపురం చీలిక నుంచి వేడిగాలి టెలిస్కోపు ముందుగానే పైకి లేస్తుంది, లోపల అయిదారుగురికన్నా పట్టరు. పక్కకు జరిగే కప్పుతో గది కడితే గాలి త్వరగా సర్దుకుంటుంది, ఎక్కువమంది నిలబడతారు. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువమందిని చేరేది చక్రాల బండి మీద పరికరాలు. అది ఒక పాఠశాల నుంచి మరో పాఠశాలకు వెళ్లగలదు.

చోటు విషయంలో సిమెంటు నేల, తారు రోడ్డు, రేకుల కప్పు దగ్గర వద్దు. గడ్డి నేల మేలు, నీటి పక్కన ఇంకా మేలు. కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ వేధశాలను సరస్సులోకీ, ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ సరస్సు మధ్య దీవి మీదా కట్టింది నీటి మీద గాలి నిలకడగా ఉంటుందనే. ఉదయం సూర్యుడు కాస్త పైకి వచ్చాక, నేల వేడెక్కకముందు ఉండే గంటలు అత్యుత్తమం. కార్యక్రమాలను మధ్యాహ్నానికి పెట్టి పరికరం బాగాలేదనుకోవడం అన్యాయం.

ఇప్పుడు మొదలుపెట్టేవారికి

సూర్యుడి మచ్చల రాకపోకలు సుమారు పదకొండేళ్ల చక్రంలో నడుస్తాయి. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రం 2024లో ఉచ్చస్థితికి చేరింది. ఆ ఏడాది మే నెలలో ఒక భారీ మచ్చల గుంపు గ్రహణ కళ్లద్దాలతోనే కనిపించింది. ఇకపై మచ్చలు క్రమంగా తగ్గి, 2030 ప్రాంతంలో కనిష్ఠానికి చేరతాయని అంచనా. గత కనిష్ఠంలో, 2019లో, ఎక్కువ రోజులు సూర్యబింబం మీద ఒక్క మచ్చా లేదు.

కాబట్టి వెంటనే మొదలుపెట్టేవారు తెర పద్ధతినో తెల్లని వెలుగు టెలిస్కోపునో తీసుకొని, మచ్చలున్న ఈ కాలంలోనే రోజువారీ బొమ్మల వరుసను నిలబెట్టుకోవాలి. ఇంకా రెండు మూడేళ్లకు నిధులు వస్తాయనుకునేవారు హెచ్-ఆల్ఫా వైపు లేదా వర్ణపటం వైపు వెళ్లడం మంచిది. మచ్చలు లేని రోజున కూడా అంచున ఒకటి రెండు ప్రామినెన్స్‌లు ఉండే అవకాశం ఎక్కువ, ఫ్రాన్‌హోఫర్ గీతలైతే ఏ రోజూ చెరగవు. కనిష్ఠంలో తెల్లని బింబాన్ని గీసి "మచ్చలు లేవు" అని రాయడం కూడా పరిశీలనే, ఆ మాట పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

2032 నవంబర్ 13న బుధుడు సూర్యబింబాన్ని దాటుతాడు. దాన్ని లక్ష్యంగా పెట్టుకున్నవారు ఒక కొలత గుర్తుంచుకోవాలి: బుధుడి వెడల్పు సుమారు 10 ఆర్క్‌సెకన్లు, సూర్యుడి వ్యాసంలో రెండువందో వంతుకు దగ్గర. 8 సెంటీమీటర్ల తెర బింబంలో అది అర మిల్లీమీటరు కూడా రాదు. ముందు ఫిల్టరు బిగించిన 60 నుంచి 100 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 50 రెట్ల పెద్దది చేసి చూస్తే స్పష్టమైన నల్లని చుక్కగా కనిపిస్తుంది. తమ ప్రాంతంలో ఆ సమయానికి సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో చూసుకొని, చెట్లు, మేడలు అడ్డురాని చోటును ఇప్పుడే ఎంచుకోవచ్చు.